ఉలి అంచును మైక్రోస్కోపు కింద పెట్టాక మనశ్శాంతి పోయింది

కొత్తచేయి
నాలుగు నెలలుగా ఉలి నూరడం నేర్చుకుంటున్నాను. ఈమధ్య పాత మైక్రోస్కోపు ఒకటి చేతికొచ్చింది. కాలేజీ ల్యాబుల్లో ఉండే రకం, 4, 10, 40 రెట్ల ఆబ్జెక్టివులు (వస్తువు వైపు ఉండే కటకాలు). దానికి తోడు కంప్యూటరుకు తగిలించే యు.ఎస్‌.బి. మైక్రోస్కోపు కూడా ఉంది, డబ్బా మీద 1600 రెట్లు అని రాసుంది. నా కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

కంటితో చూస్తే నా ఉలి అద్దం. నూరిన చోట మీసం దిద్దుకోవచ్చు. మైక్రోస్కోపులో పెడితే దున్నిన చేను. అడ్డదిడ్డంగా చాళ్లు, అంచు వెంట నలిగిన రేకులాంటిదేదో, ఎడమ మూల దగ్గర ఎలుక కొరికినట్టు గంటు. సరే అని ఆ మూలకి ఎక్కువ బరువు ఇచ్చి నూరాను. చూశాను, గంటు అలాగే ఉంది. మళ్లీ నూరాను. అలాగే ఉంది. ఇలా మూడు రోజులు.

పోల్చి చూద్దామని గడ్డం గీసుకునే కొత్త బ్లేడు పెట్టాను. అది ఇంకా ఘోరం, అంచు పొడుగునా మరకలు మరకలుగా ఉంది. కానీ అది తగిలితే చాలు వెంట్రుక తెగిపోతోంది. నా అద్దం ఉలి మాత్రం కాగితాన్ని కోయదు, చింపుతుంది.

అబద్ధం చెబుతున్నది మైక్రోస్కోపా, నా చెయ్యా? నేను నూరే వరస: 1000 నీటిరాయి, తర్వాత పి2000 శాండ్‌పేపరు, తర్వాత 8000 రాయి, చివర తోలు మీద ఆకుపచ్చ పేస్టు.

సానరాయి42
బొటనవేలు ఉందిగా. దానికి ఫోకసూ అక్కర్లేదు, బల్బూ అక్కర్లేదు. పిచ్చి ముదిరింది, తలకు రోకలి చుట్టమన్నాడట వెనకటికొకడు.

తోలుపట్టీ
వేలు అంచుకి అడ్డంగా జరపాలి, అంచు వెంబడి కాదు అని కూడా చెప్పండి సానరాయి గారూ. కొత్తవాళ్లు చదువుతుంటారు. రేపు వేలికి కట్టుతో వచ్చి ఇంకో థ్రెడ్డు తెరుస్తారు.

ల్యాబ్‌కోటు
ముందు ఆ 1600 సంగతి మరిచిపోండి. ఎన్ని రెట్లు పెద్దది చేసిందన్నది కాదు, పక్కపక్కనే ఉన్న రెండు గీతల్ని రెండుగా చూపించగలదా లేదా అన్నదే లెక్క. ఇది ఎర్నెస్ట్ అబ్బే అనే జర్మన్ శాస్త్రవేత్త 1873లోనే తేల్చిపెట్టాడు. కాంతి తరంగదైర్ఘ్యాన్ని ఆబ్జెక్టివు ఎన్‌.ఎ.కి రెట్టింపుతో భాగిస్తే ఆ హద్దు వస్తుంది (ఎన్‌.ఎ. అంటే న్యూమరికల్ అపర్చర్, ఆబ్జెక్టివు ఎంత వెడల్పాటి వెలుగుని పట్టుకోగలదో చెప్పే అంకె). ఎన్‌.ఎ. ఎంతో ఆబ్జెక్టివు మీదే చెక్కి ఉంటుంది, 10/0.25 లాగా.

పచ్చ కాంతికి 0.55 మైక్రాన్లు వేసుకోండి (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మీ 4 రెట్లది (0.10) 2.75 మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది. 10 రెట్లది (0.25) 1.1 దగ్గర. 40ది (0.65) 0.42 దగ్గర. నూనె చుక్క వేసి చూసే 100 రెట్లది కూడా 0.2 దాటి కిందికి పోలేదు. మంచి షేవింగు బ్లేడు కొస మందం 0.1 మైక్రాను లోపే ఉంటుంది. అర్థమైందిగా? మీరు అంచు అనుకుని చూస్తున్నది అంచు కాదు. దానికి ఆనుకుని ఉన్న వాలు, ఆ వాలు మీది గీతలు, వేలాడుతున్న బర్ (నూరినప్పుడు అంచున మిగిలే సన్నటి ఉక్కు రేకు), గంట్లు, ఇవే. కోసే పని చేసే ఆ చివరి కొస మీ మైక్రోస్కోపుకి ఎప్పటికీ చిక్కదు.

కాబట్టి మైక్రోస్కోపు అబద్ధం చెప్పట్లేదు. మీరు అడిగిన ప్రశ్నకి కాకుండా పక్క ప్రశ్నకి జవాబు చెబుతోంది.

కొత్తచేయి
మరి 1600 రెట్లు?

ల్యాబ్‌కోటు
చిన్న ఫొటోని గోడంత సాగదీస్తే అందులో కొత్త వివరం పుడుతుందా? ఎన్‌.ఎ.ని 1000తో గుణించండి, అంతకుమించిన రెట్లన్నీ ఉత్త సాగదీతే. 0.25 అయితే 250 రెట్లు, అక్కడితో సరి. యు.ఎస్‌.బి. వాటిలో రెట్లంటే మీ కంప్యూటరు తెర ఎంత పెద్దదన్నదీ కలిపి చెప్పే మాట. తెర మారిస్తే రెట్లు మారతాయి.

గోరంతకొండంత
నా పేరు ఇన్నాళ్లకి సార్థకమైన థ్రెడ్డు దొరికింది. కుర్చీ వేసుకుని కూర్చున్నా.

చెక్కపొట్టు
అసలు జబ్బు నూరే వరసలోనే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. 1000 తర్వాత 2000 అని అంకె చూసి వెళ్లారు. ఆ అంకె రేణువు ఎంత సన్నమో చెప్పేది, కానీ రాయి మీదిది జపాన్ కొలత. మీ శాండ్‌పేపరు మీద అంకె ముందు పి ఉంది, అది యూరప్ కొలత. జపాన్ 1000 రేణువు సగటున 11.5 మైక్రాన్లు. పి2000 రేణువు 10.3 మైక్రాన్లు. రెండూ దాదాపు ఒకటే! పి1000 అయితే 18.3, అంటే మీ 1000 రాయి కంటే గరుకు. ఒకే మెట్టు మీద రెండుసార్లు కాలుపెట్టి, అక్కణ్ణించి ఒక్క గెంతులో 8000కి దూకారు. అది 1.2 మైక్రాన్లు.

11 మైక్రాన్ల రేణువు తవ్విన చాళ్లని 1.2 మైక్రాన్ల రాయితో అరగదీయాలంటే పొద్దుగూకుతుంది. పైపై గట్లు నున్నబడి మెరుస్తాయి, చాళ్ల అడుగు అలాగే ఉంటుంది. మీ కంటికి అద్దం, మైక్రోస్కోపుకి చేను. రెండూ నిజమే.

నా వరస 1000, 3000, 8000. మూడువేలది 4 మైక్రాన్లు, మధ్యలో మెట్టు సరిపోతుంది. ఇంకోటి, రాయి మారిన ప్రతిసారీ నూరే దిశ కాస్త మార్చండి. పాత గీతలు ఏటవాలుగా, కొత్తవి నిలువుగా ఉంటే, ఏటవాలువి కనిపిస్తున్నంతసేపూ ఆ రాయి పని అయిపోలేదన్నమాట. మైక్రోస్కోపు నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

కొత్తచేయి
పి అక్షరానికి ఇంత కథ ఉందా! నేను పాలిష్ అనుకున్నా.

తాళ్లుకోసేవాడు
8000 దాకా ఎందుకు అసలు? నేను రోజూ తాళ్లు, పట్టీలు, అట్టపెట్టెలు కోస్తాను. 1000 మీద ఆపేస్తా, తోలు మీద నాలుగు లాగుళ్లు. గీతలు అంచు దాకా వచ్చి ఆగిన చోట సన్నటి పళ్లు మిగులుతాయి, ఆ పళ్లే తాడు పోగుల్ని పట్టుకుంటాయి. అద్దంలా నున్నగా నూరితే తాడు మీద జారిపోతుంది. నాకు దున్నిన చేనే కావాలి.

తోలుపట్టీ
మీది లాగి కోసే పని. ఉలిది నెట్టి కోసే పని. చెక్క పోగు అడ్డంగా ఉన్నచోట ఉలి నెట్టి చూడండి, మీ పళ్లు చెక్క మీద గీతలై దిగుతాయి. రెండిటికీ ఒకే పదును మంచిదంటే ఎలా?

తాళ్లుకోసేవాడు
అందరికీ మంచిదనలేదు, నాకు మంచిదన్నా. 8000 మతం వాళ్లకి ఇది చెప్పాల్సొస్తుందని చెప్పా.

కిటికీపక్క
షేవింగు బ్లేడు మరకల గురించి. అది మురికి కాదు. అంచు మీద సన్నటి పి.టి.ఎఫ్‌.ఇ. పూత ఉంటుంది, అంటే టెఫ్లాన్. చర్మం మీద జారడానికి. ఆ పూత మైక్రోస్కోపులో మచ్చలు మచ్చలుగా అలికినట్టు కనిపిస్తుంది. వాలు కూడా ఒకటి కాదు, రెండు మూడు వాలులు మెట్లుగా ఉంటాయి. మీ ఉలితో పోల్చడానికి సరైన జంట కాదది.

కానీ ఇంకో పనికొస్తుంది. రెండంచుల బ్లేడయితే మందం దాదాపు 0.1 మి.మీ. దాన్ని నిలబెట్టి మందం వైపు నుంచి ఒక ఫొటో తీసుకుంటే మీ దగ్గర 100 మైక్రాన్ల కొలబద్ద ఉన్నట్టే. అప్పుడు "ఎలుక కొరికినంత" అనకుండా "30 మైక్రాన్లు" అనొచ్చు. ఎలుకల్లో కూడా సైజులుంటాయి కదా.

ల్యాబ్‌కోటు
బాగా చెప్పారు. స్టేజి మైక్రోమీటరు దొరికితే ఇంకా మేలు, 1 మి.మీ.ని 100 భాగాలు చేసిన గాజుపలక. వెంట్రుకతో మాత్రం కొలవకండి. 50 నుంచి 100 దాకా ఎంతైనా ఉంటుంది, మనిషి మనిషికీ మారుతుంది.

నిద్రలేనివాడు
ఎడమ మూలలో గంటు అన్నారు. ఏ ఎడమ?

కొత్తచేయి
ఏ ఎడమ అంటే? ఎడమే. మైక్రోస్కోపులో చూస్తే ఎడమ పక్క.

నిద్రలేనివాడు
ల్యాబు మైక్రోస్కోపులోనా?

కొత్తచేయి
అవును.

కొత్తచేయి
ఓరి దేవుడా.

కొత్తచేయి
ఇప్పుడే చూసొచ్చాను. ల్యాబు మైక్రోస్కోపు బొమ్మని తిప్పి చూపిస్తుంది, కింద మీద, కుడి ఎడమ అన్నీ. ఉలిని కుడికి జరిపితే బొమ్మ ఎడమకి పోతోంది. ఇన్నాళ్లూ అది చూస్తూనే ఉన్నాను, బుర్రకెక్కలేదు. గంటు ఉన్నది కుడి మూలలో. మూడు రోజులు ఏ పాపం ఎరగని ఎడమ మూలని అరగదీశాను.

ఇంకో సిగ్గుచేటు: యు.ఎస్‌.బి. మైక్రోస్కోపు బొమ్మని తిప్పదు. అందులో గంటు కుడివైపు కనిపించింది. రెండు గంట్లు ఉన్నాయనుకున్నాను. ఒకటి ఎంత నూరినా తగ్గట్లేదు, రెండోది కొత్తగా వచ్చిందని బెంగపడ్డాను.

గోరంతకొండంత
రెండో గంటు ఆత్మకి శాంతి కలుగుగాక.

చెక్కపొట్టు
మూలమట్టం పెట్టి చూడండి. మూడు రోజులు ఒక పక్కే నూరారంటే అంచు ఏటవాలుగా పోయి ఉంటుంది.

కొత్తచేయి
పోయింది. మూలమట్టానికీ అంచుకీ మధ్య వెలుతురు కనిపిస్తోంది, మైక్రోస్కోపు అక్కర్లేకుండానే.

సానరాయి42
నేను ఏమీ అనట్లేదు. బొటనవేలుకి కుడి ఎడమ తెలుసు, అంతే.

ల్యాబ్‌కోటు
ఇది అందరికీ అయ్యేదే, నాకూ అయింది. మార్కర్‌తో ఉలి ఒక మూల చుక్క పెట్టుకోండి. బొమ్మలో చుక్క ఎటుంటే అటే ఆ మూల. దీనితోపాటు ఇంకో మోసం గురించి కూడా చెప్పాలి. మీరు చాళ్లు అన్నారు, బానే ఉంది. ఒక్కోసారి అవే గీతలు గట్లలా పైకి లేచినట్టు కనిపిస్తాయి. వెలుగు పై నుంచి పడుతుందని మెదడు తనంతట తానే అనుకుంటుంది. దీపం కింది వైపు నుంచి ఉంటే, లేదా బొమ్మే తిరగబడి ఉంటే, గొయ్యి గట్టు అవుతుంది, గట్టు గొయ్యి అవుతుంది. ఫొటోని తలకిందులు చేసి చూడండి, నవ్వొస్తుంది.

వెలుగు గురించి ఇంకొంచెం. ల్యాబు మైక్రోస్కోపులో దీపం అడుగున ఉంటుంది, ఆకు పొర లాంటి పారదర్శకమైన వాటికోసం. ఉక్కు పెడితే నల్లటి నీడ తప్ప ఏమీ రాదు. కానీ ఆ నీడని చిన్నచూపు చూడకండి. గంటు చూడడానికి దాన్ని మించింది లేదు. అంచు నల్లగా, వెనక తెల్లగా, గంటు ఉన్నచోట తెలుపు లోపలికి చొచ్చుకొస్తుంది. మెరుపుల మోసం ఉండదు. వాలు మీది గీతలు చూడాలంటే మాత్రం పక్కనుంచి దీపం కావాలి. దీపానికీ ఉలికీ మధ్య ట్రేసింగ్ పేపరు అడ్డుపెట్టండి, లేకపోతే ఉక్కు మీది తళుకు కళ్లలో కొడుతుంది. సగానికి కోసిన పింగ్‌పాంగ్ బంతి ఇంకా బాగా పనిచేస్తుంది.

40 రెట్లది ఈ పనికి వాడకండి. వస్తువుకీ కటకానికీ మధ్య అర మిల్లీమీటరు పైచిలుకు ఎడమే ఉంటుంది. పక్క దీపం వెలుగు అందులో దూరదు. దూరేది మీ ఉలి, కటకాన్ని గీసేస్తుంది. పైగా అది 0.17 మి.మీ. కవరు గాజు (నమూనా మీద కప్పే పల్చటి గాజు) ఉంటుందన్న లెక్కతో చేసిన కటకం. కటకంలోంచే వెలుగు దిగేది కావాలంటే లోహాలు చూసే మైక్రోస్కోపు ఉండాలి, ఆ దారి వేరు.

కొత్తచేయి
ఎడమ అంటే ఇప్పుడు భయమేస్తోంది, "మధ్య ఎడం" అని చదివి కూడా ఉలిక్కిపడ్డాను. ఇంకో సందేహం: 10 రెట్లలో చూస్తే వాలులో ఒక సన్నటి పట్టీ మాత్రమే స్పష్టంగా ఉంటోంది. మిగతాది మసక. లెన్సు పాడైందా?

ల్యాబ్‌కోటు
లెన్సు బానే ఉంది. వాలు కటకానికి ఎదురుగా చదునుగా లేదు. ఉలిని బల్ల మీద పడుకోబెట్టి చూస్తున్నారు కదా, అప్పుడు వాలు 25, 30 డిగ్రీలు వాలిపోయి ఉంటుంది. 10 రెట్లదానికి స్పష్టంగా చూపించే లోతు 9 మైక్రాన్లకి మించదు. 40దానికి మైక్రాను పైన కాస్తంత. 40లో కనిపించే మేర 0.45 మి.మీ. అనుకుంటే, ఒక్క డిగ్రీ వంగినా ఈ చివరికీ ఆ చివరికీ ఎత్తు తేడా 8 మైక్రాన్లు. ఇక 30 డిగ్రీలంటే చెప్పాలా? ఉలిని బంకమట్టి ముద్దలో గుచ్చి, వాలు పైకి చదునుగా చూసేలా నిలపండి. మట్టి అంచుకి అంటకుండా.

మసక పట్టీ ఒక్కోసారి వరమే. వాలు మొత్తం స్పష్టంగా ఉండి కొస దగ్గర మాత్రం మసకబారితే, అక్కడ వాలు గుండ్రబడిందని అర్థం. తోలు మీద ఎక్కువ నొక్కి రుద్దేవాళ్లకి ఇది తరచూ కనిపిస్తుంది.

తోలుపట్టీ
ఈ మాట పటం కట్టించుకోవాలి. తోలు మీద బరువు పెట్టొద్దని చెప్పి చెప్పి నా నోరు అరిగింది. తోలు కుంగుతుంది, అంచు దాటాక పైకి లేచి కొసని చుట్టుకుంటుంది. పది లాగుళ్లలో కాని పని యాభైలో కాదు, చెడుతుంది.

కొత్తచేయి
నేను 60 లాగాను. ఆ రేకు పొర, బర్, పోవట్లేదని. ఫొటో పెడుతున్నా చూడండి, అంచు నుంచి వంకరగా వేలాడుతోంది.

నిద్రలేనివాడు
ఆ వంకరది దారం పోగులా ఉంది. చివర చూడండి, గుండ్రంగా చుట్టుకుంది. ఉక్కు అలా చుట్టుకోదు. తుడిచింది దేంతో?

కొత్తచేయి
టిష్యూ కాగితంతో.

నిద్రలేనివాడు
సబ్బునీళ్లతో కడిగి, ఎసిటోన్ చుక్క వేసి, ఊదేసి చూడండి. గుడ్డ వద్దు, టిష్యూ వద్దు. మంటకి దూరంగా, కిటికీ తీసి.

కొత్తచేయి
కడిగాను. మూడొంతులు పోయింది. అంటే నేను టిష్యూ పోగుల్ని 60 సార్లు తోలు మీద రుద్దానన్నమాట. ఆకుపచ్చ పేస్టు ముద్దలు కూడా చాలా ఉండేవి. వాటినే గంట్లనుకున్నట్టున్నాను. కానీ ఒక వంతు మిగిలింది. అంచు వెంట తెల్లటి గీతలా మెరుస్తోంది, అక్కడక్కడా తెగి.

చెక్కపొట్టు
అది అసలు బర్. లేదా అంచు ఇంకా కలవలేదు. రెండిటినీ వేరు చెయ్యడం తేలిక. మంచి అంచుకి వెలుగుని తిప్పికొట్టేంత మందం ఉండదు, కాబట్టి నిట్టనిలువుగా అంచు మీదికి చూస్తే అక్కడ ఏమీ మెరవకూడదు. మెరిసిందంటే అక్కడ మందంగా ఉన్నట్టు. ఉలి వీపు వైపు నుంచి కూడా చూడండి. వీపు వైపు పొర లేచి ఉంటే బర్. రెండు వైపులా చదునుగా ఉండి కొస మాత్రం మెరుస్తుంటే, వాలు ఇంకా అంచు దాకా చేరలేదు.

మార్కర్‌తో వాలు మొత్తం నల్లగా పూసి రాయి మీద రెండు లాగుళ్లు లాగండి. అంచు పక్కన నల్లటి దారం మిగిలితే మీరు అంచుని ముట్టుకోవట్లేదు. కంటికి కనిపించకపోయినా మైక్రోస్కోపులో 20 మైక్రాన్ల నలుపు కూడా దాక్కోలేదు.

సానరాయి42
సరే, ఈ మార్కర్ సంగతి నేనూ ఒప్పుకుంటా. అది మా కాలంలోనూ ఉంది, మసి పూసేవాళ్లం.

ఎలక్ట్రాన్
కాస్త పక్కదారి. చదువుకునే రోజుల్లో ఎస్‌.ఇ.ఎం., అదే స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, వాడే అవకాశం దొరికింది. మార్కెట్లోకి మొదటిది 1965లో వచ్చింది, స్టీరియోస్కాన్ అని. ఉక్కుకి విద్యుత్తు వెళ్తుంది కాబట్టి పైన బంగారం పూత వెయ్యక్కర్లేదు, కడిగి పెట్టడమే. నా జేబుకత్తి పెట్టాను. మామూలు మైక్రోస్కోపులో ఆ అంచు గీత గీసినట్టుండేది, గర్వంగా ఉండేది నాకు. ఎస్‌.ఇ.ఎం.లో 3000 రెట్లకి వెళ్లగానే, మైక్రాను మందం కూడా లేని రేకు పొర అంచు పొడుగునా ఒక పక్కకి ఒరిగి పడుకుని ఉంది, గాలికి వాలిన వరిచేనులా. ఇన్నాళ్లూ నేను పదును అనుకున్నది ఆ రేకే. కాగితం నాలుగు ముక్కలు బ్రహ్మాండంగా కోసేది, తర్వాత చచ్చిపోయేది. ఎందుకో ఆ రోజు తెలిసింది.

ఇంకో నవ్వులాట. కత్తికి అయస్కాంతం పట్టుకుని ఉంది, గోడ మీది అయస్కాంతం పట్టీకి తగిలించేవాణ్ని. ఎలక్ట్రాన్లు దానికి వంగిపోయి బొమ్మ సాగిపోతూ వచ్చింది. ల్యాబు ఆయన నన్ను చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

కిటికీపక్క
ఎస్‌.ఇ.ఎం. అంటే గుర్తొచ్చింది. గడ్డం గీస్తే బ్లేడు ఎందుకు మొద్దుబారుతుంది? ఉక్కు వెంట్రుక కంటే దాదాపు 50 రెట్లు గట్టిది. 2020లో ఎం.ఐ.టి. వాళ్లు ఎస్‌.ఇ.ఎం. లోపలే బ్లేడుతో వెంట్రుకలు కోసి చూశారు, సైన్స్ పత్రికలో వచ్చింది. అంచు మెల్లగా అరిగి గుండ్రబడుతుందని అంతా అనుకునేది. వాళ్లు చూసింది వేరు, అంచు పెచ్చులుగా ఊడుతోంది. వెంట్రుక నిటారుగా నిలబడక వంగినప్పుడు, అంచుకి ఒక పక్కనుంచి ఒత్తిడి పడినప్పుడు, అక్కడి ఉక్కు అంతటా ఒకేలా లేనప్పుడు, ఇవన్నీ కలిసొస్తే ఊడిపోతుంది.

గోరంతకొండంత
వెంట్రుక ఉక్కుని పెచ్చులు లేపడం! మా ఆవిడకి చెప్పకూడని విషయాల జాబితాలో చేర్చా.

తాళ్లుకోసేవాడు
ఇన్ని ఫొటోలు చూశాక నాదొకటే ప్రశ్న. ఫొటో బాగుంటే కోస్తుందని గ్యారంటీ లేదు, బాగోకపోతే కోయదనీ లేదు. మరి ఎందుకిదంతా?

ల్యాబ్‌కోటు
పదును ఎంతో తెలియాలంటే కోసే చూడాలి, అందులో వాదన లేదు. ఐ.ఎస్‌.ఓ. 8442-5 అని కత్తుల పదును పరీక్షకి ఉన్న ప్రమాణంలో కూడా మైక్రోస్కోపు ఊసు ఉండదు. 5 శాతం సిలికా కలిపిన అట్టల దొంతరని కత్తితో కోయించి ఎంత లోతు తెగిందో కొలుస్తారు. మైక్రోస్కోపు ఎందుకంటే, కోయనప్పుడు ఎందుకు కోయట్లేదో చెబుతుంది కాబట్టి. జ్వరం ఎంతో థర్మామీటరు చెబుతుంది, ఎందుకొచ్చిందో రక్తపరీక్ష చెబుతుంది.

సానరాయి42
డాక్టరు నాడి పట్టుకుని కూడా చెబుతాడు.

ల్యాబ్‌కోటు
ముప్ఫై ఏళ్లు పట్టుకుంటే చెబుతాడు. కొత్తచేయికి నాలుగు నెలలు.

సానరాయి42
అదీ నిజమే.

కొత్తచేయి
వారం తర్వాత వచ్చాను. ముందు మూలమట్టానికి సరిచేశాను. 1000, 3000, 8000. ప్రతిసారీ దిశ మార్చి, పాత గీతలు పోయాకే తర్వాతి రాయి. 3000 మీద నేను అనుకున్న దానికంటే మూడింతల టైం పట్టింది. మార్కర్ కూడా పూశాను, నల్ల దారం నిజంగానే ఉంది! వీపు చదునుగా రాయికి ఆనించి నాలుగు లాగుళ్లతో బర్ తీశాను, తోలు మీద బరువు లేకుండా పది. ఇప్పుడు కాగితం చప్పుడు లేకుండా తెగుతోంది. చెక్క కోసిన చోట మెరుపు.

కానీ కుడి మూల (నిజం కుడి, చుక్క పెట్టుకున్నా) పది నిమిషాలు పని చేసేసరికి మళ్లీ అదే చోట గంటు. నూరాను, పోయింది. పని చేశాను, వచ్చింది. మూడోసారి. మిగతా అంచంతా బానే ఉంది.

చెక్కపొట్టు
ఈసారి పని మధ్యలో, గంటు పూర్తిగా పడకముందే చూడండి. పెచ్చు ఊడితే ఆ చోటు గాజు పగిలినట్టు కోసుగా ఉంటుంది. అలా కాకుండా అంచు తెగకుండా ఒక పక్కకి మడిచినట్టు, మెరిసే గీతలా ఉంటే అది ముడుచుకుంటోంది. రెండిటి వైద్యం వేరు. పెచ్చు ఊడితే కోణం రెండు డిగ్రీలు పెంచాలి. ముడుచుకుంటే అక్కడి ఉక్కు మెత్తబడి ఉండాలి.

కొత్తచేయి
ముడుచుకుంటోంది. అచ్చం మీరన్నట్టే, గీతలా. దాన్ని తోలు మీద రుద్దినప్పుడు ఊడిపోయి గంటు అవుతోంది.

చెక్కపొట్టు
ఈ ఉలికి సానచక్రం తగిలిందా ఎప్పుడైనా?

కొత్తచేయి
మొదట్లో ఒకసారి పట్టాను. ఆ మూల కాస్త నీలంగా మారింది. రాయి మీద నూరితే రంగు పోయింది, సరిపోయిందనుకున్నా.

చెక్కపొట్టు
పోయింది రంగే. నీలం తేలిందంటే అక్కడ వేడి దాదాపు 300 డిగ్రీలకి వెళ్లినట్టు, కార్బన్ ఉక్కు ఉలికి అది చాలా ఎక్కువ. మూలల్లో లోహం తక్కువ, వేడి పోవడానికి దారి ఉండదు, అందుకే ముందు కాలేది అవే. రంగు పైపొర మాత్రమే, మెత్తదనం లోపల ఉంటుంది. ఎంత నూరినా ఆ మెత్తటి ఉక్కునే నూరుతుంటారు. గట్టి ఉక్కు తగిలేదాకా అంచుని వెనక్కి అరగదియ్యాలి. ఈసారి చక్రం మీద కాదు, గరుకు రాయి మీద. చక్రమే కావాలంటే రెండు మూడు సెకన్లకోసారి నీళ్లలో ముంచుతూ, ఉలి వెనక వేలు పెట్టుకుని. వేలికి కాలిందంటే ఆపాలి.

సానరాయి42
చూశారా, చివరికి వేలే.

కొత్తచేయి
గరుకు రాయి మీద రెండు సాయంత్రాలు పట్టింది. 2 మి.మీ. పోయింది. మళ్లీ 1000, 3000, 8000. నిన్నటి నుంచి గంటసేపు గట్టి చెక్క మీద పని చేశాను. 10 రెట్లలో చూశా, అడుగు దీపంతో, పక్క దీపంతో, అంచు పొడుగునా. కుడి మూల శుభ్రంగా ఉంది.

నిద్రలేనివాడు
ఏ కుడి?